20 గాలన్ల రీఫ్ ట్యాంకుకి లైటు: వాట్లు చూడాలా, ఇంకేమైనా చూడాలా?

గోదారిగట్టు (ప్లానో, టెక్సాస్) · జనవరి 14

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మాది 20 గాలన్ల లాంగ్ ట్యాంకు. 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. ఉప్పునీళ్ళు పోసి నాలుగు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు, ఒక హెర్మిట్ పీత ఉన్నాయి. గోధుమరంగు నాచు దశ దాటింది, నైట్రేట్ 8 దగ్గర నిలకడగా ఉంది. ఇక కోరల్స్ (పగడపు జీవులు) వేద్దామని. జోయాలు, మష్రూమ్‌లు, ఒక డంకన్, ఒక హామర్. హామర్ మా ఆవిడ కోరిక. దుకాణంలో అది నీటి వాలుకి మెల్లగా ఊగుతుంటే అరగంట అక్కడే నిలబడిపోయింది.

ఇప్పుడున్నది ట్యాంకుతో పాటు వచ్చిన తెల్ల పట్టీ లైటు. దాంతో కుదరదని తెలుసు. 165 వాట్ల బ్లాక్ బాక్స్ (నల్ల పెట్టెలా ఉండే ఎల్‌ఈడీ లైటు) ఒకటి పాతది, 60 డాలర్లకి ఇస్తానంటున్నాడు ఒకతను. కొత్తవైతే ఏఐ ప్రైమ్, కెసిల్ ఏ160 చూశాను, రెండూ 200 డాలర్ల పైమాటే. ప్రైమ్ 55 వాట్లు, కెసిల్ 40 వాట్లు. ఇంత తేడా ఉన్నప్పుడు 165 వాట్లదే మేలు కదా? గాలన్‌కి ఇన్ని వాట్లు అని ఏదో లెక్క ఉందని కూడా చదివాను. అపార్ట్‌మెంట్ కాబట్టి పైకప్పుకి రంధ్రాలు పెట్టే వీల్లేదు. మీరైతే ఏం కొంటారు?

ఉప్పునీటి మాస్టారు (ఎడిసన్, న్యూజెర్సీ) · జనవరి 14

స్వాగతం తమ్ముడూ. కొలతలు, నైట్రేట్ అన్నీ రాసి అడిగావు, జవాబు చెప్పడం తేలికైంది.

గాలన్‌కి ఇన్ని వాట్లు అనేది ట్యూబులైట్ల కాలం నాటి లెక్క. అప్పుడు అందరివీ ఒకే రకం ట్యూబులు కాబట్టి ఉజ్జాయింపుగా పనికొచ్చేది. ఎల్‌ఈడీ వచ్చాక దానికి అర్థం పోయింది. వాట్లంటే లైటు ఎంత కరెంటు తాగుతోందన్న సంగతి మాత్రమే. మోటారు ఎన్ని హార్స్‌పవరో చూసి మడి తడిసిందని చెప్పలేం కదా, మడిలోకి దిగి చూడాలి. ఇదీ అంతే. కోరల్ కూర్చున్న చోట ఎంత వెలుతురు పడుతోందన్నదే అసలు లెక్క.

ఆ లెక్క పేరు పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న వెలుతురు కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్స్‌లో చెబుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ 2000 దాకా ఉంటుంది. మన ట్యాంకుల్లో అంత ఎవరికీ అక్కర్లేదు. మష్రూమ్‌లకి 30 నుంచి 75 చాలు. జోయాలు 50 నుంచి 150 మధ్య ఎక్కడైనా సర్దుకుంటాయి. డంకన్‌కి, హామర్‌కి 80 నుంచి 150. ఆక్రోపోరా లాంటి కొమ్మల రకాలకే 200 నుంచి 350 కావాలి, నీ జాబితాలో అవి లేవు. అంటే నీకు కావాల్సింది పెద్ద లైటు కాదు, 12 అంగుళాల లోతున్న ట్యాంకులో 100 చుట్టుపక్కల పార్‌ని సమంగా పరిచే లైటు.

బ్లాక్ బాక్స్ గురించి ఒక మాట. అందులో మూడేసి వాట్ల ఎల్‌ఈడీలు 55 ఉంటాయి, అందుకే 165 అని రాస్తారు. గోడ ప్లగ్ దగ్గర కొలిస్తే 110, 120 వాట్లే లాగుతుంది. అదైనా నీ ట్యాంకుకి చాలా ఎక్కువ. ఎత్తున వేలాడదీసి, బాగా తగ్గించి వాడేట్టయితే పర్లేదు. నువ్వేమో కప్పుకి రంధ్రం పెట్టలేనంటున్నావు. నా ఓటు ప్రైమ్‌కి. ఒకటే కొంటే 30 అంగుళాల పొడవులో రెండు చివర్లూ మసకగా ఉంటాయి. మష్రూమ్‌లకి ఆ చివర్లే ఇల్లు.

నీలిమబ్బు (శాన్ హోజే) · జనవరి 15

మాస్టారి మాటకి నాదీ ఒక చేర్పు. 30 అంగుళాల ట్యాంకుకి ఒక బలమైన లైటు కంటే రెండు చిన్నవి నయం. పైన ఒకే చుక్క లైటు ఉంటే రాయికి ఒక పక్క ఎండ, ఇంకో పక్క చీకటి. కోరల్ కూడా చెట్టు లాగే కింది కొమ్మల మీద తన నీడ తానే వేసుకుంటుంది. నేను ఎనిమిదేళ్ళు టీ5 ట్యూబులు వాడాను, 24 అంగుళాలవి నాలుగు, ఒక్కోటి 24 వాట్లు. నీడ అన్న మాటే ఉండేది కాదు. ఏడాదికోసారి ట్యూబులు మార్చే ఖర్చు భరించలేక ఎల్‌ఈడీకి మారాను. ఇప్పటికీ ఆ సమమైన వెలుతురు గుర్తొస్తుంటుంది.

కెసిల్‌ది మాత్రం వేరే అందం. ఎల్‌ఈడీలన్నీ ఒకేచోట కుప్పగా ఉంటాయి కాబట్టి అలల నీడలు ఇసుక మీద కదులుతాయి, మధ్యాహ్నం చెరువు అడుగున కదిలే గీతల్లాగా. డబ్బు ఉంటే రెండు కెసిల్ ఏ80లు చూడండి. ఒక్కోటి 15 వాట్లే. జోయాలకీ మష్రూమ్‌లకీ హాయిగా సరిపోతాయి, హామర్‌ని కొంచెం పైకి పెట్టుకోవాలి.

పాలమూరు పోరడు (అత్తాపూర్, హైదరాబాద్) · జనవరి 15

మాస్టారూ, నాది గూడ ఇదే కథ. రెండడుగుల ట్యాంకు, 45 సెంటీమీటర్ల లోతు. ఈడ దొరికే చైనా లైటు ఒకటి తీస్కున్న, దాని మీద పార్ గీర్ ఏం రాసి లేదు. ఫోన్ల లక్స్ యాప్ పెట్టి చూస్తె 9000 చూపిస్తుంది. దాన్ని పార్‌లకు మార్చుకునే లెక్క ఏమన్న ఉన్నదా? ఇంకోటి, హామర్, టార్చ్ అనే కోరల్స్ ఇక్కడ కొందరు అమ్ముతున్నరు. ఈ లైటుకు పెట్టొచ్చా?

భీమిలి అల (విశాఖపట్నం) · జనవరి 15

లైటు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు రెండో ప్రశ్న. హామర్, టార్చ్, డంకన్ మూడూ రాతి కోరల్స్, అంటే గట్టి అస్థిపంజరం కట్టుకునేవి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రాతి కోరల్స్ అన్నింటినీ 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. నల్ల కోరల్, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లు కూడా అందులోనే ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. దుకాణంవాళ్ళు అమ్ముతున్నారు కదా అని కొనకు. గోదారిగట్టు గారు టెక్సాస్‌లో ఉన్నారు, అక్కడ పెంచిన ముక్కలు బిల్లుతో కొనుక్కుంటారు, వారి సంగతి వేరు.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ చదివాను. మన్నార్ సింధుశాఖలో తెల్లబడిన దిబ్బల మీద ఈదినదాన్ని, అందుకే ఈ విషయంలో కొంచెం గట్టిగా చెబుతాను. జోయాలు, మష్రూమ్‌లు, గ్రీన్ స్టార్ పాలిప్ రాతి కోరల్స్ కిందికి రావు. అవి కూడా ఇప్పటికే ఎవరో ఇంట్లో పెంచి విడదీసినవి అయితేనే తీసుకో. వాటితోనే ట్యాంకు నిండా రంగులు నింపొచ్చు.

ఇక లక్స్. మన కంటికి 555 నానోమీటర్ల దగ్గరున్న ఆకుపచ్చే ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది. లక్స్ ఆ కంటి లెక్క. ఎండకైతే 54 లక్స్‌కి ఒక పార్ అని భాగించొచ్చు. రీఫ్ లైటులో ముప్పాతిక నీలమే ఉంటుంది. దాన్ని లక్స్ మీటరు సగం కూడా పట్టుకోదు. కాబట్టి 9000ని 54తో భాగించి 167 అనుకున్నావంటే మోసపోతావు, అసలు పార్ అంతకంటే బాగా ఎక్కువే ఉండొచ్చు. ఫోను కెమెరా మీద ఇంకా నమ్మకం వద్దు.

నీలమే ఎందుకంటే, సముద్రంలో ఎరుపు మొదటి కొద్ది మీటర్లలోనే నీళ్ళకి ఇంకిపోతుంది, నీలం ఒక్కటే లోతుకి దిగుతుంది. కోరల్ కండలో కాపురముండే జూజాంథెల్లే అనే నాచు కణాలు ఆ నీలానికే అలవాటుపడ్డాయి. వాటిలో క్లోరోఫిల్ ఎ, సి2 ఉంటాయి, పెరిడినిన్ అనే ఇంకో రంగు పదార్థం ఉంటుంది. 430 నుంచి 500 దాటేవరకు వచ్చే వెలుతురుని ఇవి పంచుకుని తింటాయి. ఆ నాచు వండిన చక్కెరలోంచే కోరల్ తన తిండిలో చాలా భాగం తీసుకుంటుంది. మనం లైటు కొంటున్నది కోరల్‌కి కాదు, దాని లోపలున్న అద్దెదారుకి.

పాలమూరు పోరడు · జనవరి 15

అక్కా, చట్టం సంగతి నిజంగ తెల్వదు. మంచిగ చెప్పినవ్. హామర్ వద్దు, జోయాలే పెడుత.

గోదారిగట్టు · జనవరి 18

మాస్టారూ, మీ మాట కాదని కాదు, ఆ 60 డాలర్ల బాక్స్ తీసేసుకున్నాను. మంచి లైటు కొనేలోపు దీంతో నడుపుదామని. ట్యాంకు అంచుల మీద రెండు చెక్క ముక్కలు అడ్డంపెట్టి వాటి మీద కూర్చోబెట్టాను, నీటికి 6 అంగుళాల ఎత్తున. నీలం, తెలుపు రెండు నాబ్‌లూ పూర్తిగా తిప్పాను. ట్యాంకు ధగధగలాడుతోంది. నిన్ననే హామర్, డంకన్ తెచ్చాం. హామర్‌కి రెండు తలలు. మధ్యలో రాయి పైన పెట్టాను.

ఉప్పునీటి మాస్టారు · జనవరి 18

తమ్ముడూ, ఇది చూడగానే లేచి రెండు నాబ్‌లూ 20కి దించు. హామర్‌ని ఇసుక మీదికి, ఒక పక్కకి దించు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

భీమిలి అల · జనవరి 19

మాస్టారు చెప్పింది చేశారా? దుకాణంలో అది ఏ వెలుతురులో ఉండేదో అడిగి కనుక్కోండి. చాలా దుకాణాల్లో తొట్లకి 60, 80 పార్ మించి ఉండదు.

గోదారిగట్టు · జనవరి 24

ఆలస్యంగా చూశాను. ఆఫీసులో రిలీజ్ ఉంది, ఐదు రోజులు ఇటు రాలేదు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

మొదటి రెండు రోజులు హామర్ పూర్తిగా తెరుచుకుంది. మూడో రోజు చేతులు పొట్టిగా అయ్యాయి. ఎండెక్కువై ముడుచుకుందేమో, సర్దుకుంటుందనుకున్నాను. నిన్న రాత్రి లైటు ఆరాక టార్చి వేసి దగ్గరగా చూశాను. చేతుల చివర సుత్తి ఆకారంలో ఉండే ఆకుపచ్చ అలాగే ఉంది, కానీ కాడల్లో గోధుమరంగు లేదు. గాజు గొట్టాల్లా అయిపోయాయి. లైటు వైపున్న తలలో చర్మం పల్చబడి కింద అస్థిపంజరం పళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి. నీడ పక్కనున్న తల కొంచెం నయం. మా ఆవిడ ఏమీ అనలేదు, వెళ్ళి దాని ముందు కూర్చుంది. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

డంకన్ పక్కకి ఉంది కాబట్టి తప్పించుకుంది. ఇప్పుడు నీలం 15, తెలుపు సున్నా. హామర్‌ని దించాను. చచ్చిపోయినట్టేనా?

ఉప్పునీటి మాస్టారు · జనవరి 24

చావలేదు. చర్మం ఎముకని పట్టుకుని ఉన్నంతవరకు ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగు జిగురు కారుతూ, వాసనొస్తూ ఉంటే అప్పుడు కంగారుపడాలి, అలాంటిదేమీ లేదుగా.

జరిగింది ఇది. వెలుతురు మోతాదు మించితే లోపలున్న నాచు ఆ శక్తినంతా వాడుకోలేదు. మిగిలిన శక్తితో విషంలాంటి ఆక్సిజన్ రూపాలు తయారవుతాయి, కోరల్ తట్టుకోలేక ఆ నాచునే బయటికి నెట్టేస్తుంది. రంగు పోయిందంటే తిండిపెట్టేవాళ్ళు పోయినట్టు. ఇప్పుడు దానికి మనం తినిపించాలి. వారానికి రెండుసార్లు, లైటు ఆరిన గంటకి, మైసిస్ రొయ్యని చిన్న ముక్కలు చేసి సిరంజితో నోటి దగ్గర వదులు. తీసుకోకపోతే బలవంతం చేయకు. నీటి వాలు చేతులు నెమ్మదిగా కదిలేంత ఉండాలి, కొట్టినట్టు ఉండకూడదు. ఉప్పునీటి సాంద్రత 1.025, ఉష్ణోగ్రత 78 ఫారెన్‌హీట్, ఆల్కలినిటీ 8, 9 దగ్గర కదలకుండా చూడు. మందులు, డిప్‌లు (మందు కలిపిన నీళ్ళలో ముంచడం) ఏవీ వద్దు. చోటు కూడా మళ్ళీ మార్చకు. వారాల్లో కాదు, నెలల్లో కోలుకుంటుంది.

2009లో నేనూ ఒక టార్చ్‌ని ఇలాగే మెటల్ హాలైడ్ అనే బలమైన లైటు కింద కాల్చాను. అది బతకలేదు. అందుకే మొన్న అంత గట్టిగా రాశాను.

కడప కువైట్ (సాల్మియా) · జనవరి 25

అన్నా ధైర్యంగా ఉండు. ఒక చిట్కా చెప్తా. లైటు తగ్గించే వసతి లేనప్పుడు మేము కిటికీ దోమతెర గుడ్డని నాలుగు మడతలు చేసి ట్యాంకు పైన పరుస్తాం. నాలుగైదు దినాలకి ఒక మడత తీస్తాం. కొత్త కోరల్ వచ్చినా, కొత్త లైటు వచ్చినా ఇదే పద్ధతి. యాప్‌లో అలవాటు చేసే మోడ్ ఉన్న లైటైతే 40 శాతంతో మొదలుపెట్టి వారానికి ఐదు శాతం పెంచుకుంటా పో.

నీలిమబ్బు · జనవరి 26

గోదారిగట్టు గారూ, మీ ఊళ్ళో రీఫ్ క్లబ్ ఏమైనా ఉందేమో అడిగారా? అమెరికాలో చాలా క్లబ్బుల్లో పార్ మీటరు ఉంటుంది, డిపాజిట్ తీసుకుని వారం రోజులకి ఇస్తారు. కొంటే వందల డాలర్లు అవుతుంది, ఒక్క ట్యాంకుకి అంత పెట్టక్కర్లేదు. అపోజీ కంపెనీ ఎంక్యూ-510 మీటరు అయితే నీళ్ళలో కొలవడానికే చేసింది. పాతవి గాలిలో కొలవడానికి చేసినవి, నీళ్ళలో ముంచితే తక్కువ చూపిస్తాయి, వచ్చిన అంకెని దిద్దుకోవాలి. మీటరు తీసుకునేటప్పుడు మోడల్ అడగండి.

గోదారిగట్టు · ఫిబ్రవరి 8

మీటరు దొరికింది. ఎంక్యూ-510, ఒక పెద్దాయన స్వయంగా ఇంటికి తెచ్చి ఎలా పట్టుకోవాలో చూపించి వెళ్ళాడు. సెన్సరు బొత్తాం అంత ఉంటుంది, పొడవాటి కడ్డీ చివర. అది ఎప్పుడూ పైకే చూస్తూ ఉండాలి, ఒంపు తిరిగితే అంకె పడిపోతుంది. నేను పట్టుకుంటే మా ఆవిడ కాగితం మీద ట్యాంకు గీసి గళ్ళలో అంకెలు వేసింది.

ముందు పాత తప్పు ఎంతో తెలుసుకోవాలని, హామర్ మీద నల్లటి ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, ఒక్క నిమిషం నాబ్‌లు రెండూ పూర్తిగా తిప్పి కొలిచాను. హామర్ మొదట కూర్చున్న చోట, నీటికి 4 అంగుళాల లోతున, 480. ఆ అంకె చూసి ఇద్దరం మాట్లాడుకోలేదు. 60, 70లో పెరిగినదాన్ని తెచ్చి 480లో పెట్టాను. అదే సమయంలో ఎడమ మూల ఇసుక మీద 62. చేయి చాచితే అందే దూరంలో అంత తేడా!

కంటికి మాత్రం ఆ మూల, ఈ మధ్య రెండూ దాదాపు ఒకేలా వెలుగుతున్నాయి. ఇది నేను ఎప్పటికీ మర్చిపోను.

ఇంకో సంగతి. నీలం 40, తెలుపు సున్నా పెట్టినప్పుడు గది మసక మసకగా ఉంది, ఇంత వెలుతురు చాలదేమో అనిపించింది. మీటరు మధ్యలో 170 చూపించింది. నీలం 20, తెలుపు 40 పెడితే గది పట్టపగల్లా ఉంది, మీటరు మీద 130. విశాఖ అక్క చెప్పిన 555 నానోమీటర్ల మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది.

భీమిలి అల · ఫిబ్రవరి 8

ఈ పోస్టు చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నా విద్యార్థులకి చూపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే. గళ్ళ కాగితం ఫొటో కూడా పెట్టండి.

కడప కువైట్ · ఫిబ్రవరి 9

నాకైతే ఈ నీలం మోజు అర్థం కాదు. ఈ మధ్య ఎవరింటికి పోయినా ట్యాంకు ఊదారంగులో మునిగి ఉంటుంది, చేపల అసలు రంగే కనిపించదు. సముద్రంలో రెండు మీటర్ల లోతున దిగి చూడండి, బంగారంలా ఉంటుంది. నేను 10,000 కెల్విన్ దగ్గర నడుపుతా, నా కోరల్స్ బాగానే పెరుగుతున్నాయి.

నీలిమబ్బు · ఫిబ్రవరి 9

కెల్విన్ మన కంటికి ఎలా కనిపిస్తుందో చెప్పే అంకె మాత్రమే కదండీ. 15,000 అని రాసిన రెండు లైట్లలో లోపలి రంగుల పాళ్ళు పూర్తిగా వేరుగా ఉండొచ్చు. మీ కోరల్స్ పెరుగుతున్నాయంటే మీ తెల్ల లైటులో కూడా సరిపడా నీలం ఉంది కాబట్టి. తెల్ల ఎల్‌ఈడీ అసలు నీలం ఎల్‌ఈడీయే, పైన పసుపు పూత ఉంటుంది. నాకు మాత్రం సాయంత్రం ఏడింటికి తెలుపు ఆరిపోయి నీలం మిగిలినప్పుడు జోయాలు నిప్పుకణికల్లా మెరవడం చూడకపోతే రోజు పూర్తయినట్టు ఉండదు.

భీమిలి అల · ఫిబ్రవరి 10

ఇద్దరూ చెప్పింది నిజమే. కొంచెం తెలుపు, రవ్వంత ఎరుపు ఉంటే చేపలకీ మన కళ్ళకీ బాగుంటుంది. ఎక్కువ ఎరుపు పెంచితే మాత్రం కోరల్‌కి వచ్చే లాభం లేదు.

ఆ మెరుపు గురించి ఒక ముక్క. నీలం పడితే ఆకుపచ్చగానో ఎర్రగానో తిరిగి వెలిగే ప్రోటీన్లు కోరల్ చర్మంలో ఉంటాయి. ఆకుపచ్చ ప్రోటీన్‌ని మొదట ఒక జెల్లీఫిష్‌లో ఒసాము షిమొమురా 1962లో కనిపెట్టాడు. 2008లో మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్‌లతో కలిసి ఆయనకి రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఎర్రగా వెలిగే దాన్ని 1999లో తీసింది దేన్నుంచో తెలుసా? డిస్కోసోమా నుంచి. పాలమూరు తమ్ముడు అత్తాపూర్‌లో పెట్టుకోబోయే ఎర్ర మష్రూమ్ జాతి అదే. ఈరోజు క్యాన్సర్ కణాల్ని రంగువేసి చూసే ఎన్నో ప్రయోగశాలల్లో ఆ కుటుంబపు ప్రోటీన్లు ఉన్నాయి.

పాలమూరు పోరడు · ఫిబ్రవరి 10

అక్కా, రాత్రి లైటు మొత్తం బంద్ చేసి మళ్ళ నీలం ఒక్కటే వేసి అమ్మకు చూపించిన. ఇది క్యాన్సర్ దవాఖానల్ల పనికొస్తదంట అని చెప్పిన. దానికి దండం పెట్టింది.

నాకు ఈడ మీటరు ఎవ్వరి దగ్గర దొరకలేదు. ఏం చెయ్యాలె? కరెంటు గూడ రోజుకు ఒకసారి పోతది. లైటు మధ్యల ఆగిపోతే కోరల్స్‌కు ఏమన్న అయితదా?

ఉప్పునీటి మాస్టారు · ఫిబ్రవరి 11

మీటరు లేకపోతే కోరల్సే మీటరు. 25 శాతంతో మొదలుపెట్టు, రెండు వారాలు ముట్టుకోకు. ఒకే జోయా గుత్తిని రెండు ముక్కలు చేసి ఒకటి పైన, ఒకటి ఇసుక మీద పెట్టు. మెడ సాగదీసి పైకి పాకుతోందంటే వెలుతురు చాలట్లేదు. చాపలా నేలకి అణిగి, రంగు వెలిసిపోతోందంటే ఎక్కువైంది. రంగు గోధుమగా ముదురుతుంటే అది కూడా తక్కువనే అర్థం, ఉన్న కొద్ది వెలుతురుని పట్టుకోవడానికి నాచుని పెంచుకుంటోంది. రోజూ ఒకే గంటకి, ఒకే చోటునుంచి, ఒకే సెట్టింగులో ఫొటో తీసి పెట్టుకో. కళ్ళు మర్చిపోతాయి, ఫొటో మర్చిపోదు.

కరెంటు పోయి లైటు ఆగితే ఏమీ కాదు. మబ్బుపట్టిన రోజులు సముద్రానికీ ఉంటాయి. ఒక పూట, ఒక రోజు కూడా తట్టుకుంటాయి. ప్రమాదం నీళ్ళు కదలకపోతే. చేపలకి ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి పెట్టుకో, లైటు కంటే ముందు దాన్ని కొను.

లైటు వైరు ప్లగ్‌లోకి వెళ్ళేముందు కిందికి ఒక వంపు తిరిగేలా వేలాడదీయి. ఉప్పునీళ్ళు వైరు మీదుగా జారి ప్లగ్‌లోకి పోకుండా అక్కడే చుక్కలుగా రాలతాయి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇవాళే చూపించు. ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

కడప కువైట్ · ఫిబ్రవరి 11

ఎండాకాలం సంగతి కూడా చెప్పాల. లైటు వేడి నీళ్ళలోకి పెద్దగా దిగదు, పైన హీట్‌సింక్‌లోంచి పోతుంది, కానీ మూతవేసిన ట్యాంకులో అదీ లెక్కే. హైదరాబాద్ మే నెలకి మధ్యాహ్నం లైటు వేయొద్దు తమ్ముడూ. సాయంత్రం నాలుగుకి మొదలుపెట్టి రాత్రి పన్నెండుకి ఆపు. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన దానికి ఆర్వో నీళ్ళే పోయాల, ఉప్పునీళ్ళు కాదు. లైటు అద్దం మీద ఉప్పు పొర కడుతుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడువు. నేను రెండు నెలలు తుడవకుండా వదిలేసి, కోరల్స్ ఎందుకు వాడిపోతున్నాయో అని నీళ్ళు పరీక్షించుకుంటా కూర్చున్నా.

గోదారిగట్టు · ఏప్రిల్ 20

అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

బ్లాక్ బాక్స్ వేరే ఆయనకి ఇచ్చేశాను, ఆయనది నాలుగడుగుల పొడవున్న లోతైన ట్యాంకు, అక్కడ దానికి తగిన చోటు. ఇచ్చేముందు ఎలక్ట్రికల్ పైపు వంచి స్టాండుకి బిగించి, 18 అంగుళాల ఎత్తున వేలాడదీసి చూశాను. పార్ బాగానే సమమైంది. కానీ సోఫాలో కూర్చున్నవాళ్ళ కళ్ళలో పడుతోంది. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ చెంగు కళ్ళకి అడ్డంపెట్టుకుని టీవీ చూస్తుంటే ఇక అది పని కాదనిపించింది.

ఇప్పుడు ఒకటే ప్రైమ్, మధ్యలో, నీటికి 9 అంగుళాల ఎత్తున. మీటరు మళ్ళీ అడిగి తెచ్చి కొలిచాను. నీలాలు 60, తెలుపు 12, ఎరుపు, ఆకుపచ్చ 3. మధ్య రాయి పైన 168. రాయి నడుముకి, నాలుగంగుళాల కింద 118, హామర్‌ని నెలరోజుల్లో మూడంచెలుగా అక్కడికి చేర్చాను. డంకన్ దగ్గర 95. రెండు చివర్లా 40, 45, అక్కడ మష్రూమ్‌లు, మాస్టారు మొదటి రోజే చెప్పినట్టు. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలు, రెండు గంటల్లో పైకి, సాయంత్రం తొమ్మిదికి మెల్లగా దిగి పదికి చీకటి. ఆఫీసు నుంచి వచ్చాక చూసుకోవడానికి వీలుగా.

హామర్ లైటు వైపు తల పోయింది. నీడ పక్క తల ఉంది. మార్చి రెండో వారంలో కాడ అడుగున ముందు లేత గోధుమరంగు మచ్చలు వచ్చాయి, పాలల్లో టీ డికాక్షన్ చుక్క పడ్డట్టు. ఇప్పుడు చేతుల పొడవంతా నిండింది. మైసిస్ ముక్క తగిలించగానే పట్టుకుంటోంది.

మాస్టారూ, మొన్న ఇంకోటి కనిపించింది. బతికిన తల పక్కన, ఎముక అంచున, బియ్యపు గింజంత ఆకుపచ్చ బుడిపె. మధ్యలో నోరులాంటి గీత కూడా ఉంది. ఇది కొత్త తలేనా? దానికి వెలుతురు ఇంతే చాలా, లేక కిందికి దించాలా?

ఉప్పునీటి మాస్టారు · ఏప్రిల్ 20

కొత్త తలే. ఏదీ ముట్టుకోకు. శాతాలు కూడా ఆరు నెలలు మార్చకు. ఆ పిల్ల తల ఇప్పుడున్న 118లోనే పుట్టింది, దానికి అదే ఎండ. మీ ఆవిడకి చూపించావా?

గోదారిగట్టు · ఏప్రిల్ 21

ముందు చూసింది తనే మాస్టారూ. నన్ను పిలిచి చూపించింది.

పాలమూరు పోరడు · ఏప్రిల్ 22

అన్నా, కొత్త తల ఫొటో పెట్టు. నా జోయాలు తొమ్మిది నోర్ల నుంచి పదహారయినయ్, 35 శాతం మీదనే. పైన పెట్టిన ముక్క అణిగి ఉంది, ఇసుక మీదిది నిటారుగ మంచిగ తెరుచుకుంటుంది. పైదాన్ని గూడ కిందికే దించుతున్న రేపు.